చిల్లర

లాన్సెస్టన్‌లో జూలై.
టేమర్ నది మీది మంచు కిటికీ దాకా వచ్చి
రమ్మంటే లోపలికి వచ్చేసేలా నిలబడింది.
జంతువుల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ:
నేనూ, ఏడు బోన్లూ, వెనక షెడ్డులో ఒక గుర్రమూ,
నేల తుడిచే ట్రెగెన్జా గారూ.

మూడో బోనులో చిట్టెలుక. పేరు మేజర్.
ఒక కుర్రాడు బూట్ల పెట్టెలో దూది పరిచి
ఏడుస్తూ తెచ్చాడు.
గోరంత ఎలక్ట్రోడ్లు అంటిస్తే
తెర నిండా దువ్వెన పళ్ళు.
నిమిషానికి ఆరు వందలు.
దెబ్బకీ దెబ్బకీ నడుమ సెకనులో పదో వంతు.
నలం మీద నలం, ఒక్క గురువూ లేదు.
అంత ఇరుకులో అటూ ఇటూ కదలడానికేముంది?
అర్ధరూపాయి బిళ్ళ పట్టుకుని అంగడికెళితే
తిరిగొచ్చే చిల్లరెంతని?

గుర్రం డచెస్‌ది ముప్పై రెండు.
మౌబ్రే మైదానంలో పరిగెత్తి పరిగెత్తి
ఇప్పుడు గడ్డి వాసన చూస్తూ కాలం గడుపుతోంది.
స్టెతస్కోపు ఆనించి నిలబడితే
పాలు పొంగుతాయా లేదా అని
పొయ్యి దగ్గర కాపు కాసినట్టుంటుంది.
ఒక్కోసారి ఒక దెబ్బ ఎగ్గొట్టేస్తుంది కూడా.
మొదటిసారి ఝల్లుమన్నది నా గుండె, దానిది కాదు.
"దానికి తీరికుంది, అంతే" అన్నారు డాక్టరమ్మ.

నా నోటుపుస్తకంలో చుక్కలు పెడుతున్నాను.
అడ్డంగా వేగం, నిలువుగా ఊగిసలాట.
మేజర్ కుడి చివర నేల కరుచుకుని.
తర్వాత కుందేలు, దాని పైన పిల్లి.
ఊపిరి పీల్చితే పరుగు, వదిలితే నడక
అన్నట్టుండే కుక్క ఇంకా పైన.
డచెస్ ఎడమ మూల, కాగితం అంచున.
కలిపితే తిన్నని గీత రాలేదు.
పార్కులో జారుడుబల్ల వచ్చింది:
మొదట నిటారుగా దిగి, చివర నేలబారుగా.

"నా చుక్క ఎక్కడ?"
మోపు కర్ర మీద గడ్డం ఆనించి ట్రెగెన్జా గారు.
ఆయన ఛాతీ మీద నిలువునా కుట్టు.
ఆరేళ్ళ కిందట మెల్‌బోర్న్‌లో
ఎవరిదో గుండె తెచ్చి పెట్టారు.
"రక్తనాళాలు కుడతారమ్మా, నరాలు కుట్టరు.
నా కబురు దీనికి వెంటనే అందదు.
మా ఐలీన్ పోయిందని ఫోనొచ్చిన రోజు
నేను ఏడ్చేసి, ముఖం కడుక్కుని,
టీకి నీళ్ళు పెట్టాక
అప్పుడు తీరిగ్గా పరుగు మొదలెట్టింది."

పిల్లికి వాడే తీగలే అంటించాను.
తొంభై ఆరు. ఇనుప కంచెలా
ఒకే ఎడం, ఒకే ఎత్తు.
ఆయన తెర చూసి, "చెప్పానా" అన్నాడు.
పెద్దది చేసి మిల్లీసెకన్లలో చదివాను.
ఆరు వందల ఇరవై నాలుగు.
ఇరవై ఆరు.
ఇరవై మూడు.
నరం లేదు, కబురు లేదు,
మరి ఈ రెండూ మూడూ ఎవరిచ్చినట్టు?
ఆ కణాలదే. వాటి సొంత చేతి వణుకు.

మోపు పక్కన పెట్టించి కుర్చీలో కూర్చోబెట్టాను.
మాట్లాడొద్దన్నాను. ఆయన మాట్లాడాడు,
కార్న్‌వాల్ నుంచి గనుల కోసం వచ్చిన ముత్తాత గురించి,
ఎలుకలంటే ఐలీన్ కుర్చీ ఎక్కడం గురించి.
గంటకి ఎనభై ఎనిమిదికి దిగింది.
కంచె కమ్మీలు కొంచెం ఎడమయ్యాయి,
ఎడమైన కొద్దీ కొంచెం వంకరయ్యాయి.
నెమ్మదించినందుకే
చేతిలో పడ్డ చిల్లర.

జారుడుబల్లకి బాగా కిందగా పెట్టాను చుక్క.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు.
"మేజర్ కంటే నయమే" అన్నాడు.
బకెట్ నీళ్ళు అప్పటికే చల్లబడ్డాయి.

తెల్లారబోతుండగా షెడ్డుకి వెళ్ళాం ఇద్దరం.
స్టెతస్కోపు ఆయన చెవులకి పెట్టి
నేను అరచేయి డచెస్ మోచేతి వెనక ఆనించాను.
ఒకటి. ఒకటి. ఒకటి.
తర్వాత
ఎగ్గొట్టింది.
ఆయన ఊపిరి బిగబట్టి నా వైపు చూశాడు.
నేనూ చూశాను.